చెరువును చదువుట

గత విద్యాసంవత్సరారంభమున నాలుగవ తరగతి పిల్లలకు ఒక చిన్న పని అప్పగించితిని. మన ఊరి చెరువు బొమ్మ గీయుడని చెప్పితిని. ముప్పదిమంది గీసిరి. ఇంచుమించు అన్ని కాగితములపైనను ఒకే రూపము కనబడెను: నీలిరంగు పూసిన గుండ్రని మడుగు, అందు రెండు చేపలు, ఒడ్డున ఒక చెట్టు. కట్టను గీసినవారు నలుగురు. తూమును గీసినది ఒక్క బాలిక. వాననీరు చెరువునకు ఏ దారిన వచ్చునో ఒక్కరును గీయలేదు. ఆ బొమ్మలను నేను చూచుచుండగా వెనుకబల్ల మీది బాలుడొకడు లేచి, "సార్, మన చెరువులో నీళ్లే లేవు కదా. నీళ్లు లేకపోతే అది చెరువేనా?" అని అడిగెను.

ఆ ప్రశ్నకు వెంటనే సమాధానము చెప్పలేకపోతిని. ఒక సంవత్సరకాలము ఆ తరగతితో కూడి నేను చేసిన పాఠములన్నియు ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటకే అయినవి. వానిని మన పత్రిక ద్వారా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును నివేదించుట ఈ వ్యాసోద్దేశము.

వ్యవస్థ అనగానేమి?

పొలము గట్టున రాళ్ల కుప్ప యున్నదనుకొందము. అందుండి ఒక రాయి తీసినను అది రాళ్ల కుప్పయే. నాలుగు రాళ్లు చేర్చినను కుప్పయే. ఇంటిలోని తిరగలిని చూడుడు. క్రింది రాయి, పై రాయి, నడుమ ఇరుసు, చేతిపిడి. ఇందులో ఇరుసును తీసివేసినచో మిగిలిన మూడును చెడకపోయినను రాగులు విసరబడవు. విసరుట అను పని ఏ ఒక్క భాగమునందును లేదు, భాగముల పొందికయందున్నది. ఇట్లు భాగములు ఒకదానితో నొకటి ముడివడి, అన్నియు కలిసి ఒక పని చేయునప్పుడు దానిని వ్యవస్థ యందురు. ఒక వస్తువును చూచినప్పుడు దాని భాగములతోపాటు వాని నడుమనుండు ముడులను గూడ చూచుట వ్యవస్థాదృష్టి.

ఈ దృష్టిని ఒక శాస్త్రముగా పెంపొందించినవారిలో జే ఫారెస్టర్ అను అమెరికా దేశపు ఇంజనీరు ముఖ్యుడు. ఆయన 1956వ సంవత్సరము మొదలు మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఈ విషయమున కృషి చేసెను. ఆయన మార్గమున నడచిన డొనెల్లా మెడోస్ అను విదుషి వ్రాసిన పాఠ్యగ్రంథము ఆమె మరణానంతరము 2008లో వెలువడినది. నీటితొట్టి నిండుటను, ఖాళీయగుటను ఉదాహరణముగా తీసికొని ఆమె ఎంతో కఠినమైన విషయమును సులభముగా బోధించెను. మనకు తొట్టి యేల? ఊరికొక చెరువున్నది.

సుస్థిరత అను మాట కూడ ఈనాడు తరచుగా వినబడుచున్నది. మన అవసరములను మనము తీర్చుకొనుచు, రాబోవు తరములవారు తమ అవసరములను తీర్చుకొనుటకు అడ్డు కలుగనీయకుండుటయే సుస్థిరతయని 1987లో ఐక్యరాజ్యసమితి నియమించిన సంఘము నిర్వచించెను. ఈ నిర్వచనమును నాలుగవ తరగతి బాలుడు కంఠస్థము చేయగలడు. అయితే చెరువును ఎరిగిన బాలుడు దానిని కంఠస్థము చేయనక్కరలేదు. తానే అర్థము చేసికొనును.

చెరువు అవయవములు

మన కోలారు సీమలో ఏడాది పొడుగునను పారెడి నది లేదు. పాలారు, దక్షిణ పినాకిని, ఉత్తర పినాకిని అను మూడు నదులు నందికొండ ప్రాంతముననే పుట్టినను, అవి వానకాలపు వాగులవంటివి. సంవత్సరమునకు కురిసెడి వర్షము 700 మిల్లీమీటర్లకు కొంచెము హెచ్చు. ఆ వర్షమును పట్టి నిలుపుకొనుటకై మన పూర్వులు వేలకొలది చెరువులను కట్టిరి. అవి విడివిడి చెరువులు కావు. ఎగువ చెరువు నిండి పొర్లిన నీరు కాలువగుండ దిగువ చెరువును చేరును. అది నిండి మరియొకదానికి పోవును. అందుచేతనే వీనిని గొలుసు చెరువులందురు.

ఒక చెరువునకు ముఖ్యమైన అవయవములివి: నీరు దొర్లివచ్చు మెట్ట, బీడు, గుట్టలు, ఆ నీటిని తెచ్చు రాజకాలువ, నీరు నిలుచు లోతట్టు, కట్ట, నీరు విడుచు తూము, మిగులు నీరు పోవు అలుగు, నీరు అందుకొను ఆయకట్టు, ఆయకట్టులోని బావులు. వీనికి తోడు ఎవరి మడికి ఎప్పుడు, ఎంత నీరు విడువవలెనో చూచెడి నీరుగంటి.

ఇచ్చట ఒక సంగతి చెప్పవలసియున్నది. నేను ఆంధ్రదేశమున శిక్షణ పొందినవాడను. నా పుస్తకములలో 'అలుగు' అను మాటయే యుండెను. ఒక బాలుడు "వానొస్తే చెరువు కోడి పోతుంది" అని వ్రాయగా, కోడి యన పక్షియని తలచి ఎఱ్ఱసిరాతో కొట్టివేసితిని. తరగతి అంతయు నవ్వెను. ఇచ్చటి తెలుగువారు కన్నడమునుండి గ్రహించి అలుగును కోడి యందురని ఆనాడు పిల్లలే నాకు నేర్పిరి. రాయలసీమలో దానినే మరవ యందురు. మూడు మాటలును మంచివే. పిల్లవాడు ఇంటిమాటతో చెరువులోనికి దిగవలెను. పుస్తకపు మాటను పిమ్మట నేర్చుకొనవచ్చును. తప్పుగా కొట్టివేసిన ఆ మాటను నేను మరల వ్రాసి యిచ్చితిని.

చెరువును ఒక వ్యవస్థగా చూచుట మనకు పరదేశమునుండి వచ్చిన విద్య కాదు. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువునకు సంబంధించి 1369వ సంవత్సరపు సంస్కృత శాసనము గలదు. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించెను. మంచి చెరువునకు పండ్రెండు సాధనములు కావలెనని ఆ శాసనము చెప్పుచున్నది. వానిలో గట్టి బంకనేల, తియ్యని నీటి యేరు, దృఢమైన రాతికట్ట, వెడల్పును లోతును గల లోతట్టు, దగ్గరలో రాతిగని, సమతలమైన సారవంతపు పొలములు గలవు. వీనితోపాటు ధర్మపరుడగు ప్రభువు, జలశాస్త్రమెరిగిన పండితుడు, నేర్పరులగు పనివారు కూడ చేర్చబడిరి. అనగా రాయి, మట్టి, నీరు ఎట్లో మనుష్యులును అట్లే చెరువులో భాగములని ఆనాటివారు గ్రహించిరన్నమాట.

ఆ శాసనమే ఆరు దోషములను గూడ చెప్పినది. కట్టనుండి నీరు కారుట, చవుడు నేల, లోతట్టు నడుమ మిట్ట, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట అనునవి నాలుగు. తక్కిన రెండును మిక్కిలి ఆలోచింపదగినవి: నీరు తక్కువయై సాగుభూమి ఎక్కువగుట ఒక దోషము, నీరు ఎక్కువయై భూమి తక్కువగుట మరియొక దోషము. ఈ రెండింటిలో నీటియందును దోషము లేదు, భూమియందును దోషము లేదు. వాని పొందికయందే దోషమున్నది. వ్యవస్థాదృష్టి యొక్క సారమంతయు ఈ రెండు దోషములలో నిమిడియున్నది.

మొదటి పాఠము: చిల్లి కుండ

ఒక మట్టికుండ అడుగున సన్నని రంధ్రము చేసి తరగతికి తెచ్చితిని. ఒక బాలిక నిమిషమునకు రెండు లోటాల నీరు పోయుచుండెను. ఒక బాలుడు కుండలోపల కఱ్ఱ నిలిపి నీటిమట్టమును గుర్తించుచుండెను. మేము మూడు మాటలు నేర్చుకొంటిమి. కుండలోనికి వచ్చునది రాక. రంధ్రమునుండి పోవునది పోక. కుండలో నున్నది నిల్వ. రాక పోకకంటె హెచ్చయినచో నిల్వ పెరుగును, తక్కువయినచో తరుగును. నీరు ఎత్తుగా నిలిచినకొలది రంధ్రపు ధార వేగము హెచ్చుటను గూడ పిల్లలు కనుగొనిరి.

పిమ్మట రెండవ రంధ్రము చేసి దానికి బోరు అని పేరు పెట్టితిని. అదే సమయమున పోయు నీటిని ఒక లోటాకు తగ్గింపించితిని. "ఏమైనది?" అని అడుగగా, మొదటి నిమిషములో పిల్లలు "ఏమీ కాలేదు సార్, ఇంకా చాలా నీళ్లున్నాయి" అనిరి. కొంతసేపటికి కుండ ఖాళీయయ్యెను. ఆనాటి పాఠములో నేను వారిచేత వ్రాయించిన వాక్యమొక్కటే: నిల్వ ఉన్నంతకాలము లోటు కనబడదు.

ఈ వాక్యము చెరువునకును, బావికిని, ఇంటి ధాన్యపు గాదెకును, తండ్రి చేసిన అప్పునకును సమానముగా వర్తించును. చెడుగు జరిగిన దినమును, అది కనబడిన దినమును ఒకటి కావు. వాని నడుమ ఆలస్యమున్నది. ఆలస్యమును గుర్తింపని కంటికి కారణము ఎన్నడును దొరకదు.

రెండవ పాఠము: నూలుండ ఆట

పదునాలుగుమంది పిల్లలను వలయముగా నిలిపి, ఒక్కొక్కరి మెడలో ఒక్కొక్క అట్టను తగిలించితిని: వాన, గుట్ట, రాజకాలువ, పూడిక, కట్ట, తూము, నీరుగంటి, ఆయకట్టు, ఊరబావి, బోరు, పశువులు, చేపలు, కుండలు చేయు మట్టి, నీలగిరి తోపు. ఒక నూలుండను వాన చేతికిచ్చి, "నీవు లేనిదే ఎవరికి కష్టము? వారికి దారమందింపుము, ఏల అందించితివో చెప్పుము" అంటిని. దారము ఇటునటు పోయి ఒక వల ఏర్పడెను. కారణము చెప్పలేనివారికి దారము విసరుటకు అనుమతి లేదు. ఈ నియమము ముఖ్యమైనది. లేనిచో సర్వమును సర్వముతో ముడివేసి, ఏమియు నేర్చుకొనకయే ఆట ముగియును.

అప్పుడు పూడిక అను బాలికను దారము లాగుమని చెప్పితిని. ఎవరి చేతిలో లాగినట్లు తెలిసినదో వారు చేయి యెత్తవలెను. మొదట లోతు తగ్గిన చేపలు, కట్ట, తూము చేతు లెత్తిరి. అంతటితో ఆగునని తలచితిని. ఇంతలో ఆయకట్టు అట్ట ధరించిన బాలుడు, "మా తాత బండ్లతో చెరువు మన్ను తోలి చేనుకు వేసేవాడంట సార్. ఇప్పుడు మేము ఎరువు మూటలు కొంటాము" అని చేయి యెత్తెను. ఎండకాలమున రైతులు చెరువు మన్నును తీసి పొలమునకు తోలినప్పుడు పొలమునకు సారము, చెరువునకు లోతు ఒకే బండితో లభించుచుండెను. మూటల ఎరువు వచ్చిన పిదప ఆ బండ్లు తగ్గెను. ఎరువుల కొట్టునకును చెరువు లోతునకును సంబంధమున్నదని నేను చెప్పియుండలేదు. పదేండ్ల బాలుడు తానే దారము పట్టుకొని కనుగొనెను.

ఆ దినముననే నీరుగంటి పనిని గూర్చియు ముచ్చటించుకొంటిమి. చెరువు సగమే నిండిన యేడు ఆయకట్టు అంతటికిని నీరు చాలదు. అట్టి యేడు దామాషా పద్ధతి ననుసరించి, ప్రతి రైతునకును వాని భూమిని బట్టి కొంత భాగమునకే నీరిచ్చెడివారు. నీరు తగ్గగా సాగు తగ్గెను; సాగు తగ్గగా నీరు ఆదా అయ్యెను. ఇట్లు తనను తాను సరిచేసికొనెడి చుట్టును 'సర్దు వలయము' అని పిలుచుకొంటిమి.

దీనికి విరుద్ధమైన చుట్టును 'పెంచు వలయము' అంటిమి. బావిలో నీరు తగ్గెను, ఒకడు బోరు వేసెను, ప్రక్కబావి ఎండెను, ఆ రైతును బోరు వేసెను, మట్టము మరింత దిగెను, మొదటివాడు ఇంకను లోతుగా వేసెను. మన జిల్లాలో బోరులు 1,000 అడుగులు దాటిపోయిన చోట్లు గలవు. లోతు రాతినుండి వచ్చు నీటిలో పలుచోట్ల ఫ్లోరైడు అధికము. త్రాగునీటిలో అది లీటరునకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని మనదేశపు ప్రమాణము. దాటిన నీటిని చిన్ననాటినుండి త్రాగిన పిల్లల పండ్లపై మచ్చలు పడును. దీర్ఘకాలము త్రాగినచో ఎముకలకును హాని కలుగును. తాత వేసిన బోరు మనుమని పంటిపై కనబడినప్పుడు, నడుమ ఎన్ని ముడులున్నవో లెక్కింపుడు. ఇందులో దుర్మార్గుడెవడును లేడు. ప్రతివాడును తన పంటను కాపాడుకొనుటకే యత్నించెను.

మూడవ పాఠము: కాలువ వెంబడి నడక

కార్తికమాసములో ఒక శనివారమున రాజకాలువ వెంబడి చెరువునుండి గుట్టవరకు నడచితిమి. 2021 నవంబరులో మన జిల్లాలో అతివృష్టి కురిసి అనేక చెరువులు పొర్లినవి. మన చెరువు మాత్రము సగమే నిండెను. నీరు క్రిందివీధి ఇండ్లలోనికి వచ్చెను. ఎందువలననో చూడవలెనని మా నడక ఉద్దేశము. ప్రతి నూరు అడుగులకు నిలిచి, కాలువ వెడల్పును తాడుతో కొలిచి పలకలపై వ్రాసితిమి. తూర్పుచేల యొద్దకు పోవువరకు ఎనిమిది అడుగులున్న కాలువ అచ్చట రెండడుగులే యుండెను. ప్రక్కచేను కాలువలోనికి జరిగియుండెను. ఎవరి చేనని నేను అడుగలేదు. కాని మాలో ఒక బాలుడు అకస్మాత్తుగా మాటలాడుట మానెను. అది వాని తండ్రి చేను.

తరువాతి సోమవారము ఉదయముననే ఆ తండ్రి పాఠశాలకు వచ్చెను. "అయ్యవారూ, మావాడు రాత్రి కూడు తినలేదు. కాలవ దున్నింది మనమేనా నాయనా అని అడిగినాడు. బడిలో పెద్దోళ్ల తప్పులు ఎంచేది నేర్పిస్తా ఉండారా?" అనెను. ఆయన కోపము న్యాయమైనది. కొంతసేపు నాకును మాట తోచలేదు. ఆయనను కూర్చుండబెట్టి, పిల్లలు గోడకు అంటించిన పటమును చూపితిని. అందు ఎవరి పేరును లేదు. బాణపు గుర్తులు మాత్రమే యున్నవి. 'కాలువ ఇరుకగుట' నుండి 'చెరువు నిండకపోవుట'కును, 'వీధిలోనికి నీరు వచ్చుట'కును రెండు బాణములు గీయబడియుండెను.

ఆయన చాలసేపు చూచి ఇట్లనెను: "ఈడ ముందరది మర్చిపోయినారు. కాలవలో నీళ్లు రావడం నిలిచినాకనే మేము దున్నింది. పైన నీలగిరి తోపులు పెట్టినాక పదేండ్లు దాంట్లో చుక్క పారలేదు. బోరుకు తెచ్చిన అప్పు నెత్తిన ఉంటే ఆ రెండు గుంటలు ఊరికే విడిచేదానికి అవుతుందా?"

ఆ మాటలను ఆయన యెదుటనే పటముపై వ్రాసితిమి. 'కాలువ ఇరుకగుట' అను మాట వెనుక రెండు క్రొత్త బాణములు వచ్చినవి: ఒకటి 'కాలువ ఎండుట' నుండి, రెండవది 'బోరు అప్పు' నుండి. బోరు ఏల వేసెను? చెరువు నిండక బావి ఎండినందున. చెరువు ఏల నిండలేదు? కాలువ ఇరుకైనందున. బాణములు తిరిగి తిరిగి మొదటి చోటికే వచ్చినవి. వాని కుమారుడు, "సార్, ఇది పెంచు వలయము" అనెను. ఆ ఉదయము ఆ బాలుడు మాటలాడిన మొదటి మాట అదియే.

తోపును గూర్చిన బాణమునకు సాక్ష్యమేమని పిల్లలను అడిగితిని. వారికి తెలియదు; కావున నేను చెప్పితిని. 1980 తరువాతి సంవత్సరములలో సామాజిక అడవుల పథకము క్రింద మన ప్రాంతమున రాగి చేలలోసహితము నీలగిరి విరివిగా నాటబడినది. కూలీల కొరతకును, వాన నమ్మకము లేకపోవుటకును అది రైతునకు తగిన ఉపాయముగా తోచెను. హొసకోటె ప్రాంతమున జరిగిన పరిశోధనలలో, లోతైన మట్టి గల చోట ఆ చెట్లు ఆ యేటి వర్షముకంటె హెచ్చు నీటిని నేలనుండి తీసికొన్నట్లు తేలినది. 2017లో కర్ణాటక ప్రభుత్వము క్రొత్తగా నీలగిరి నాటుటను నిషేధించెను. అయినను మన కాలువ ఎండుటకు తోపే ఏకైక కారణమని చెప్పరాదు. ఆ పదేండ్లలో వానలు తక్కువయిన సంవత్సరములును గలవు. అందుచేత పటముపై ఆ బాణమును గట్టిగీతతోను, వాన బాణమును దాని ప్రక్కన మరియొక గీతతోను గీసితిమి.

ఆ తండ్రి ఆ రెండు గుంటలను నేటికిని విడువలేదు. అయితే కాలువను బాగుచేయు మాట పంచాయతీలో వచ్చినప్పుడు, పూర్వము దాని వెడల్పు ఎంతవరకుండెనో పాత గట్టురాయిని చూపి చెప్పినవాడు ఆయనయే.

దూరపు నీరు

వ్యవస్థ ఊరి పొలిమేరతో ఆగదని తెలుపుటకు పిల్లలకు మరియొక సంగతి చెప్పితిని. 2018 నుండి బెంగళూరు నగరపు మురుగునీటిని శుద్ధిచేసి, గొట్టములద్వారా మన జిల్లాలోని చెరువులకు పంపుచున్నారు. దినమునకు 440 మిలియన్ లీటర్లు తెచ్చుటకు ఆ పథకము రూపొందింపబడినది. చెరువులు నింపి, ఆ నీటిని నేలలోనికి ఇంకించుట దాని ఉద్దేశము. ఆ యేటి జూలైలో ఒక చెరువున నురుగు కనబడగా నీటి విడుదల కొంతకాలము నిలిచెను. వివాదము న్యాయస్థానములకు పోయెను. తరువాత నీరు మరల వచ్చెను. అనేక గ్రామములలో బావులు, బోరుల నీటిమట్టము పెరిగినది. నీటి శుద్ధి చాలునా అను విచారము కూడ వెనువెంటనే యున్నది.

పిల్లలను రెండు జట్లుగా చేసి వాదింపుమని చెప్పలేదు. అట్లు చేసినచో ఎవరు గెలిచిరన్నదే మిగులును. 'రాక' పెరిగినప్పుడు నిల్వ ఎంత పెరిగెను, ఆ రాకతో ఇంకేమి వచ్చుచున్నది, అది నేలలోనికి దిగి కనబడుటకు ఎన్నాళ్లు పట్టును అని మూడు ప్రశ్నలు వ్రాయించితిని. మూడవ ప్రశ్నకు సమాధానము కొలతల వలననే తెలియును గాని, ఇష్టాయిష్టముల వలన తెలియదు.

పాలారును చూడుడు. మన యొద్ద పుట్టి ఆంధ్రదేశముగుండ తమిళనాడునకు పోయి సముద్రమున కలియుచున్నది. దాని నీటిని గూర్చి 1892లోనే మైసూరు, మద్రాసు ప్రభుత్వముల నడుమ ఒప్పందము కుదురవలసివచ్చెను. పోరుమామిళ్ల శాసనము రెండు రాజ్యముల సరిహద్దున నున్న చెరువును దోషయుక్తమనుట ఏలయో సరిహద్దున నివసించు మనకు చక్కగా బోధపడును. ఎగువవాడు కట్టిన కట్ట దిగువవాని బావిలో కనబడును. వారిద్దరి భాషలు, ప్రభుత్వములు వేరైనను నేల వాలు ఒక్కటే.

తల్లిదండ్రులకు మనవి

ఇంటిలో పిల్లలు ప్రశ్నలడిగినప్పుడు కసరుకొనకుడు. వారు తప్పులెంచుట లేదు, ముడులు వెదకుచున్నారు. పాఠము చెప్పువారమగు మేము గూడ నాలుగు జాగ్రత్తలు పాటింపవలెను. పిల్లలను భయపెట్టరాదు, నీరంతయు ఎండిపోవునని చెప్పిన పాఠము వారిని నిరుత్సాహులను చేయును. దోషి యెవరని అడుగరాదు. ఏది దేనికి దారితీసెనని అడుగవలెను. సాక్ష్యము లేనిదే బాణము గీయనీయరాదు. పెద్దలు తీర్చవలసిన తగవును పిల్లల భుజములపై పెట్టరాదు.

మీ యిండ్లలో తాతలు, అవ్వలు నున్నారు. తూము ఎన్నడు తెరచెడివారో, కోడి ఏ సంవత్సరములలో పారెనో, ఊరబావి ఎన్ని మెట్ల లోతుననుండెనో వారికి తెలియును. ఆ కొలతలు ఏ కచ్చేరి పుస్తకములోను దొరకకపోవచ్చును. వారు చెప్పగా పిల్లలచేత తెలుగున వ్రాయింపుడు. అది వ్యాసరచనయు నగును, విజ్ఞానపాఠమును నగును.

అభ్యాసము

1. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో ఒక లీటరు నీరగును. పాఠశాల కప్పు 20 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు గలది. 25 మిల్లీమీటర్ల వాన కురిసినచో ఎన్ని లీటర్ల నీరు లభించును? దినమునకు 200 లీటర్లు వాడినచో ఎన్నాళ్లు వచ్చును?

2. ఒక చెరువులో 60,000 ఘనపు మీటర్ల నీరున్నది. తూముద్వారా దినమునకు 800, ఎండకును ఇంకుటకును 200 ఘనపు మీటర్లు పోవును. వాన లేనిచో ఎన్ని దినములు నిలుచును? మోటారులు దినమునకు మరి 200 తోడినచో ఎన్ని దినములు తగ్గును?

3. మీ యింటిలోని ఒక నిల్వను (ధాన్యము, కట్టెలు, పశుగ్రాసము) తీసికొని, దాని రాకపోకలను ఒక వారము వ్రాయుడు.

4. మీ ఊరిలో మీకు తెలిసిన ఒక పెంచు వలయమును, ఒక సర్దు వలయమును బాణములతో గీయుడు. ప్రతి బాణము క్రిందను సాక్ష్యము వ్రాయుడు.

సంవత్సరాంతమున అదే తరగతికి మరల చెరువు బొమ్మ గీయుమని చెప్పితిని. ఈసారి కాగితములు చాలలేదు. కొందరు రెండు కాగితములను జిగురుతో అతికించుకొనిరి. ఏలయన గుట్టనుండి దిగువచెరువు వరకు గీయవలసివచ్చెను. మొదటి దినమున ప్రశ్న అడిగిన బాలుడు తన బొమ్మలో నీలిరంగు వాడనేలేదు. కాలువ, కట్ట, తూము, కోడి, బావులు, మనుష్యులు అన్నియు గీచి, నడుమ లోతట్టును తెల్లగా విడిచెను. దాని క్రింద ఇట్లు వ్రాసెను: "ఇది చెరువే. నీళ్లు రావలసి ఉన్నవి."